గడువు తీరింది ఎవరికి?

ఐదారేళ్ళకోసారి ఈ పాఠం మళ్ళీ మొదలవుతుంది. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆపేసినప్పుడు విన్నాం. 2020 జనవరి 14న విండోస్ 7 వంతు వచ్చినప్పుడు విన్నాం. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 గడువు ముగిసినప్పుడు ఇంకాస్త గట్టిగా విన్నాం. పేపర్ల టెక్నాలజీ పేజీల్లో, వర్తక సంఘాలకు పెట్టే అవగాహన సదస్సుల్లో, యాంటీవైరస్ అమ్మేవాళ్ళ ప్రకటనల్లో ఒకటే మాట. చిన్న దుకాణాల వాళ్ళు పాత సిస్టాలు పట్టుకుని వేలాడుతున్నారట. వాళ్ళకి తెలియదట, తెలిసినా పైసా తీయరట, పైసా తీసే ఓపికున్నా మార్పంటే భయమట.

ఈ మాట తప్పు. ఉత్త తప్పే అయితే ఊరుకునేదాన్ని. రోగం ఒకటైతే మందు ఇంకొకటి ఇస్తున్నారు, అందుకని ఊరుకోలేకపోతున్నాను. విజయవాడలో మా బాబాయి డీటీపీ షాపులో పద్నాలుగేళ్ళు ఆపరేటరుగా కూర్చున్నాను. శుభలేఖలు, బిల్లుబుక్కులు, గుడి పుస్తకాలు, ఎన్నికల కరపత్రాలు, సొంత డబ్బుతో అచ్చేసుకునే కవుల సంపుటాలు, అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆ షాపులో ఎక్స్‌పీ ఇవాళ్టికీ నడుస్తోంది. ఎందుకు నడుస్తోందో నాకు తెలుసు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ భయం సంగతి. 2016 చివర్లో నోట్లు రద్దయ్యాక చేతిలో చిల్లర ఆడక అందరూ అల్లాడారు. ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు, అరవై ఏళ్ళ మనిషి కౌంటరు మీద క్యూఆర్ కోడ్ అట్ట పెట్టి ఫోన్లో డబ్బు పడిన చప్పుడు వినడం నేర్చుకున్నారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. పాత ట్యాలీతో ఏళ్ళ తరబడి లాగించిన దుకాణాలు జీఎస్టీ లెక్కలు తెలిసిన కొత్త విడుదలకు మారాయి. కంపోజింగుకి వచ్చే మ్యాటరు ఒకప్పుడు రూళ్ళ కాగితాల మీద వచ్చేది, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. ప్రూఫు దిద్దడానికి కస్టమరు షాపుకొచ్చి బల్ల మీద కూర్చునేవాడు, ఇప్పుడు ఫోన్లో ఫొటో చూసి వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు. డబ్బు తీసుకునే తీరు, పన్ను కట్టే తీరు, గిరాకీతో మాట్లాడే తీరు ఏడెనిమిదేళ్ళలో మార్చుకున్న మనిషిని పట్టుకుని మార్పంటే భయపడుతున్నాడని ఎలా అంటారు? అన్నీ మార్చి మూల ఉన్న ఆ ఒక్క సిస్టాన్ని ఎందుకు ముట్టుకోలేదో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

సదస్సుల్లో మాట్లాడేవాళ్ళు చూడనిది ఒకటుంది. బాబాయి షాపులో సిస్టం ఒకటి కాదు, రెండు. ఒకదాని మీద ఎక్స్‌పీ, పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ మేనేజర్. దానికి ఇంటర్నెట్ లేదు, ఏనాడూ ఇవ్వలేదు. రెండోది కొత్తది. వాట్సాప్ మ్యాటరు, మెయిళ్ళు, జీఎస్టీ రిటర్నులు, ప్లేట్లు తీసేవాళ్ళకి పీడీఎఫ్ పంపడం, అంతా దాని మీదే. ఈ రెండింటికీ మధ్య ఒక పెన్‌డ్రైవ్. గూగుల్ క్రోమ్ 2016లోనే ఎక్స్‌పీని వదిలేసింది, 2023లో విండోస్ 7ని వదిలేసింది. అంటే నెట్టు పనికి పాత సిస్టం ఎలాగూ పనికిరాదు. దుకాణదారుడికి అది తెలుసు. తెలిసే పని రెండుగా విడగొట్టుకున్నాడు. చుట్టుపక్కల ప్రెస్సుల్లో కూడా నేను చూసిన ఏర్పాటు ఇదే.

ఇక ఆ ఎక్స్‌పీ సిస్టం ఏం కాపాడుతోందో చెప్పాలి. ఇది తెలుగు అచ్చు లోకం కథ, కాస్త నిదానంగా చెబుతాను.

మేము వాడే ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తెలుగు ముక్కలు సర్దిపెట్టిన ఫాంట్లు. తలకట్టు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో, ఒత్తులు మరికొన్ని గళ్ళలో ఉంటాయి. నేను యాపిల్ కీబోర్డు పద్ధతిలో మీటలు నొక్కుతుంటే ఆ ముక్కలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని కింద ఒకటి చేరి అక్షరమవుతాయి. చూసేవాడి కంటికి అది తెలుగు. కంప్యూటరు దృష్టిలో అవి అర్థంలేని గుర్తుల వరస. అనుపమ, ప్రియాంక లాంటి ఫాంటు ఆ సిస్టంలో లేకపోతే పేజీ తెరిచినా ఒక్క ముక్క చదవలేం. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది. ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. మరి ప్రెస్సులు అప్పుడే ఎందుకు మారలేదు? పేజీలు కట్టే సాఫ్ట్‌వేరుకి యూనికోడ్ రాదు కాబట్టి.

పేజ్‌మేకర్‌ని 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది. 1994లో అడోబ్ ఆ కంపెనీని కొనేసింది. చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, 2004లో ఇక కొత్తది తేబోమని చెప్పేశారు. దాని స్థానంలో నిలబెట్టిన ఇన్‌డిజైన్‌లో తెలుగుకి అధికారికంగా సపోర్టు దొరికింది 2012లో, సీఎస్6 విడుదలతో. 2001కీ 2012కీ మధ్య పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ తెలుగు ప్రెస్సులు చేతులు ముడుచుకుని కూర్చోవాలా? కూర్చోలేదు. ఉన్న సాధనంతోనే పుస్తకాలు, పత్రికలు, పంచాంగాలు కట్టుకుంటూ పోయాయి. అచ్చులో నిండుగా కనిపించే యూనికోడ్ అక్షరాలు ఒక గుత్తిగా ఉచితంగా దొరికింది కూడా 2012 ప్రాంతంలోనే, సిలికానాంధ్ర, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పూనుకున్నాక. అప్పటికే ఒక తరం ఆపరేటర్ల వేళ్ళు పాత కీబోర్డుకి అలవాటుపడ్డాయి, ఒక తరం పుస్తకాలు పాత ఫైళ్ళలో ఉండిపోయాయి. సరిగ్గా 2013లో అడోబ్ ఇంకో నిర్ణయం తీసుకుంది. ఇకమీదట కొత్త వెర్షన్లు ఒకసారి కొనుక్కుని వాడుకునేవి కావు, నెలనెలా అద్దె కట్టి వాడుకునేవి. తెలుగుకి తలుపు తెరిచిన మరుసటేడే గుమ్మం దగ్గర అద్దె బల్ల పెట్టారు. ఈ వరసలో విజయవాడ దుకాణదారుడు చేసిన తప్పేమిటో నాకు కనబడటం లేదు. తెలుగు అక్షరం తమ సాఫ్ట్‌వేరులో కుదురుకోవడానికి ఇరవై ఏళ్ళు తీసుకున్నవాళ్ళని వెనకబడ్డారని ఎవరూ అనలేదు. ఉన్నదానితో భాషని నడిపించినవాళ్ళని అంటున్నారు.

మా షాపులోనూ ఒకసారి మార్చి చూశాం. 2014 ఎండాకాలం, ఎక్స్‌పీకి సపోర్టు పోయిందని పేపర్లన్నీ రాస్తున్న రోజులు. సర్వీసు కుర్రాడు వచ్చి, "ఫార్మాట్ కొట్టేసి సెవెన్ ఎక్కించేద్దాం బాబాయ్ గారూ, సాయంత్రానికి అయిపోద్ది" అన్నాడు. సాయంత్రానికి అయిపోయింది కూడా. పేజ్‌మేకర్ తెరుచుకుంది, ఫాంట్లు వచ్చాయి, అందరం సంతోషించాం. మర్నాడు ఒక దేవస్థానం పుస్తకం తెరిస్తే అసలు సంగతి బయటపడింది. ఏ ప్రింటరుకి పేజీ కట్టామో దాన్ని బట్టి పేజ్‌మేకర్ వరసలు విరుస్తుంది. పాత లేజర్ ప్రింటరుకి కొత్త విండోస్‌లో అసలు డ్రైవరు దొరకలేదు, దగ్గరదేదో పెట్టాం. దాంతో వరసలు కదిలాయి. వరసలు కదిలితే పేజీలు కదిలాయి. శ్లోకం ఒక పేజీలో, దాని తాత్పర్యం వెనక పేజీలో పడ్డాయి. 160 పేజీల పుస్తకం, ఒకసారి ప్రూఫు దిద్ది కమిటీ పెద్దలు సంతకం పెట్టిన పుస్తకం, మళ్ళీ మొదటి నుంచి చూడాలి. అదే వారం ముహూర్తాలు, చేతిలో శుభలేఖల ఆర్డర్లు. పెళ్ళి తేదీ విండోస్ కోసం ఆగదు. మూడోరోజు బాబాయి తనే ఆ కుర్రాణ్ణి పిలిపించి ఎక్స్‌పీ తిరిగి వేయించారు. అప్పటి నుంచి ఆ సిస్టం జోలికి ఎవరినీ రానివ్వలేదు. ఆయన్ని భయస్థుడు అనేవాళ్ళు ఆ మూడు రోజులు ఆ షాపులో ఉంటే బాగుండేది.

కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాడాను. అను మ్యాటరుని యూనికోడ్‌లోకి చాలావరకు సరిగ్గానే మారుస్తాయి. ఆ "చాలావరకు" దగ్గరే ప్రాణం పోతుంది. ఏ ఒత్తు ఎక్కడ ఎగిరిపోయిందో పుస్తకమంతా చదివితే గానీ తెలియదు. పైగా కన్వర్టరు మార్చేది మాటల్ని, పేజీని కాదు. బొమ్మలు, గళ్ళు, అంచులు, రెండు కాలమ్‌ల అమరిక, అన్నీ కొత్తగా కట్టుకోవాలి. ఇరవై ఏళ్ళ ఫైళ్ళకి ఆ కూలి ఎవరిస్తారు? పునర్ముద్రణకి వచ్చిన రచయిత ఇవ్వడు. "మీ దగ్గర ఫైలుంది కదమ్మా" అంటాడు. ఆ మాటలో న్యాయముంది, ఫైలుంది కాబట్టే మా షాపుకి వచ్చాడు.

ఇది ఒక్క ప్రెస్సుల గోడే అనుకోకండి. ఆటోనగర్‌లో చక్రాల ఎలైన్‌మెంటు చేసే షెడ్డుకి వెళ్ళి తెర మీద ఏముందో చూడండి. ఆ కంప్యూటరు విడిగా కొన్నది కాదు, యంత్రంతో వచ్చింది. కెమెరాలు, సెన్సార్లు, వాటి డ్రైవర్లు, సాఫ్ట్‌వేరు, కింద విండోస్, అంతా ఒకటే ముద్ద. విండోస్ మారిస్తే యంత్రం ఆగిపోతుంది. కొత్త విండోస్‌కి డ్రైవరు కావాలంటే కంపెనీవాళ్ళు కొత్త మోడలు కొనమంటారు. ఇనుము నిక్షేపంగా ఉంటుంది, పదేళ్ళు పనిచేసే ఓపిక ఉంటుంది, కానీ దాని మెదడుకి గడువు ముగిసిందని అమ్మినవాడు చెబుతాడు. బాలానగర్‌లో సీఎన్‌సీ లేతు నడిపేవాడిదీ, ఊళ్ళో ల్యాబు నడిపేవాడిదీ ఇదే బాధ. రైసు మిల్లుల్లో, చిట్టీల కంపెనీల్లో డాస్ కాలంలో ఫాక్స్‌ప్రోతో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాంలు ఉండేవి. రాసిన కుర్రాడు అమెరికా వెళ్ళిపోయి ఉంటాడు. ఫాక్స్‌ప్రోని 1992లో కొనుక్కున్న మైక్రోసాఫ్ట్, దాన్ని ఇక ముందుకు తీసుకెళ్ళేది లేదని 2007లో చెప్పి, 2015 జనవరిలో సపోర్టు ముగించింది. 64 బిట్ల విండోస్‌లో ఆ కాలపు 16 బిట్ల ప్రోగ్రాం నేరుగా తెరుచుకోదు, 32 బిట్ల విండోస్ కోసం రాసిన డ్రైవరు ఎక్కదు. విండోస్ 11కి 32 బిట్ల రూపమే లేదు. ఈ వాక్యాలు కంపెనీకి సాంకేతిక వివరాలు. మిల్లు గుమాస్తాకి పాతికేళ్ళ ఖాతాలు.

పిసినారితనం మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. విండోస్ ఖరీదు ఎంత అని లెక్కేసి, ఈమాత్రం పెట్టలేరా అని అడుగుతారు. దుకాణదారుడి ముందున్న లెక్క విండోస్ ఖరీదు కాదు. కొత్త విండోస్ అంటే కొత్త డ్రైవరు, అది లేకపోతే కొత్త ప్రింటరు, కొత్త సాఫ్ట్‌వేరు అద్దె, ఆపరేటరు మళ్ళీ నేర్చుకునే నెలలు, పాత ఫైళ్ళు తిరిగి కట్టే కూలి, ఆ మధ్యలో పోయే సీజను. దారం ఒక కొస లాగితే గుడ్డంతా వస్తుంది. అది తెలిసినవాడు కొస ముట్టుకోడు. విండోస్ 11 అయితే మొత్తం పెట్టెనే మార్చమంటోంది. టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపు ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో అయి ఉండాలి, అంటే 2017 చివర్లో మొదలైన రకం. అంతకు ముందు కొన్నది ఎంత బాగా పనిచేస్తున్నా లెక్కలోకి రాదు. విండోస్ 10 గడువు వల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్త కావచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023లో అంచనా వేసింది. పనిచేస్తున్న వస్తువుని పారేయనివాణ్ణి మన ఇళ్ళల్లో పొదుపరి అనేవాళ్ళం. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తిట్టుగా ఎందుకు మారిందో నాకు అర్థం కాదు.

అసలు బలమైన వాదన భద్రతది. దీన్ని తేలిగ్గా తీసేయను. సపోర్టు లేని విండోస్‌లో కొత్తగా బయటపడే లోపాలకు ప్యాచ్‌లు రావు, ఆ లోపాలు దొంగలకి తెలుస్తాయి. నిజమే. పాత సిస్టాన్ని నెట్టుకి తగిలించి, దాని మీదే బ్యాంకు లావాదేవీలు చేసే దుకాణాలూ ఉన్నాయి. వాళ్ళు చేస్తున్నది ప్రమాదకరమైన పని, ఇవాళే ఆపాలి. వాళ్ళ తరఫున నేను వాదించను.

కానీ గడువు తీరిన మందు మింగినట్టు అని ఒక పోలిక చెబుతారు చూడండి, అది ఒప్పుకోను. మందు సీసాలో ఉండగానే సత్తువ పోగొట్టుకుంటుంది. ప్రోగ్రాం అలా కాదు, మొదటిరోజు ఏ పని చేసిందో ఇరవై ఏళ్ళ తర్వాతా అదే చేస్తుంది. దాన్ని తాళంతో పోల్చాలి. ఆ తాళం తీసే కిటుకు ఊళ్ళో దొంగలందరికీ తెలిసిపోయింది. అప్పుడు అడగాల్సింది తాళం వయసు కాదు, ఆ గదికి వీధి వైపు తలుపుందా లేదా అని. నెట్టు లేని సిస్టానికి వీధి తలుపు లేదు. ఒక్క దొడ్డి తలుపుంది, అది పెన్‌డ్రైవ్. జాగ్రత్త చెప్పాలనుకునేవాళ్ళు ఆ పెన్‌డ్రైవ్ గురించి చెప్పాలి. కొత్త సిస్టంలో స్కాన్ చేయకుండా పాతదానికి పెట్టకూడదని, వేరే ఊరి నుంచి వచ్చిన కస్టమరు పెన్‌డ్రైవ్ నేరుగా గుచ్చకూడదని, ఫైళ్ళు వారం వారం రెండు చోట్ల కాపీ తీసి ఒకటి ఇంట్లో పెట్టుకోవాలని చెప్పాలి. యంత్రం అనుమతించే చోట పాత విండోస్‌ని కొత్త కంప్యూటరు లోపల వర్చువల్ మెషీన్‌గా నడుపుకోవచ్చని, ప్యారలల్ పోర్టుకి గుచ్చే పాత లైసెన్సు డాంగిల్ ఉన్నవాళ్ళకి అది అంత సులువుగా కుదరదని కూడా చెప్పాలి. నేను వెళ్ళిన మూడు సదస్సుల్లో ఇందులో ఒక్క ముక్క వినలేదు. అప్‌గ్రేడ్ అవ్వండి అన్నారు, టీ ఇచ్చారు, యాంటీవైరస్ కరపత్రం చేతిలో పెట్టారు.

భద్రత గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగిన 2017 మే 12 నాటి వానాక్రై దాడిని తలుచుకుంటారు. నేనూ తలుచుకుంటాను, ఎందుకంటే మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అందులో చిక్కుకున్నాయి. ఆ దాడిలో దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఎక్స్‌పీ కాదు. అప్పటికి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఇంకా ఉన్న విండోస్ 7. ప్యాచ్ మార్చిలోనే వచ్చినా వేసుకోని సిస్టాలు, నెట్‌వర్కులో ఒకదానికొకటి ముడిపడి ఉన్న పెద్ద ఆఫీసుల సిస్టాలు. మరి ఎక్స్‌పీకి ప్యాచ్ ఏమైంది? డబ్బు కట్టి ప్రత్యేక సపోర్టు కొనుక్కున్న పెద్ద సంస్థలకి ముందే అందింది. మిగతా లోకానికి దాడి మొదలయ్యాక విడుదల చేశారు. అంటే మందు తయారై ఉంది. డబ్బు కట్టనివాడికి రోగం అంటుకున్నాక చేతికొచ్చింది. ఈ ఒక్క సంగతి తెలిసిన తర్వాత కూడా చిన్నవాళ్ళ అజ్ఞానం గురించి మాట్లాడటానికి మనసు ఎలా వస్తుంది?

అప్‌డేటు అంటేనే క్షేమం అన్న నమ్మకం కూడా పూర్తిగా నిలబడదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేటుతో 85 లక్షల విండోస్ సిస్టాలు కుప్పకూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్‌డేట్లు మానేయమని చెప్పడానికి ఇది ఎత్తలేదు. పెద్ద సంస్థకి అప్‌డేటు వికటిస్తే సరిచేయడానికి ఒక విభాగం ఉంటుంది, ముందే వేసి చూసుకోవడానికి పక్కన ఇంకో సిస్టం ఉంటుంది. బాబాయికి ఉన్నది ఒక సర్వీసు కుర్రాడు, వాడు ఫోనెత్తితే. అప్‌డేటు ఆయనకి జూదం కాకుండా ఉండాలంటే ఆ రెండింటిలో ఒక్కటైనా ఉండాలి.

ఇంతకీ పెద్దవాళ్ళు నిజంగా మేలుకున్నారా? ఎక్స్‌పీ గడువు ముగిసిన 2014లో బ్రిటన్ ప్రభుత్వం ఇంకో ఏడాది ప్యాచ్‌ల కోసం 55 లక్షల పౌండ్లకు పైగా చెల్లించింది. 2015లో అమెరికా నౌకాదళం అదే పనికి 90 లక్షల డాలర్లకు పైగా ఒప్పందం రాసుకుంది. అదే ఏడాది నవంబర్‌లో పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో విమానాలు ఆగిపోతే, ఆగింది విండోస్ 3.1 మీద నడిచే వాతావరణ సమాచార వ్యవస్థ అని తేలింది. 1992 నాటి విండోస్ అది. మన దగ్గరికి వస్తే, ఏటీఎంలలో సపోర్టు పోయిన విండోస్ ఇంకా నడుస్తోందని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులను హెచ్చరించింది. వినకపోతే 2018 జూన్ 21న గడువులు పెట్టి, 2019 జూన్ నాటికల్లా అన్నీ మార్చాలని ఆదేశించింది. ఎక్స్‌పీ సపోర్టు పోయిన ఐదేళ్ళ తర్వాతి తేదీ అది. కోట్ల ఖాతాలు చూసే బ్యాంకులు, నోట్లు లెక్కపెట్టే పెట్టెలు, అయినా ఐదేళ్ళు పట్టింది. అప్పుడు బ్యాంకుల వాళ్ళకి మార్పంటే భయం అని ఎవరూ రాయలేదు. వ్యవస్థ పెద్దది, ఒకదానికొకటి ముడిపడి ఉంది, సమయం పడుతుందని రాశారు. సరిగ్గా ఆ మాటే మా వీధికి కూడా వర్తిస్తుంది. వ్యవస్థ చిన్నదే కావచ్చు, ముడి అదే. తేడా ఏమిటంటే పెద్దవాళ్ళు గడువుని డబ్బు పోసి కొనుక్కున్నారు. విండోస్ 10కి అలా అదనపు ప్యాచ్‌లు కావాలంటే వ్యాపార సంస్థలు ఒక్కో సిస్టానికి మొదటి ఏడాది 61 డాలర్లు కట్టాలి. రెండో ఏడు దానికి రెట్టింపు, మూడో ఏడు మళ్ళీ రెట్టింపు. మూడేళ్ళకి 427 డాలర్లు, ఒక్క పెట్టెకి.

ఒక విషయం దాచను. చిన్న దుకాణాల్లో నడిచే పాత విండోస్‌లో చాలా భాగం కొన్నది కాదు. అసెంబుల్డ్ సిస్టం కట్టించుకున్నప్పుడు షాపువాడే సీడీ పెట్టి ఎక్కించింది. ఇది అందరికీ తెలుసు. తప్పే. ఆ తప్పు ఒప్పుకుంటూనే ఒక మాట అంటాను. లైసెన్సు కొన్నవాళ్ళకి మాత్రం గడువు వేరుగా వచ్చిందా? బాబాయి తర్వాత కొన్న రెండో సిస్టంలో విండోస్ 10 బిల్లు కట్టి కొన్నదే. ప్రాసెసరు ఏడో తరానిది కాబట్టి దానికీ 2025లో అదే నోటీసు వచ్చింది. అద్దెకి మారినవాళ్ళ పరిస్థితీ కుదురుగా లేదు. 2023 జనవరిలో అడోబ్ ఇన్‌డిజైన్ లాంటివాటిలో పాత టైప్ 1 ఫాంట్లను గుర్తించడం మానేసింది. నెలనెలా డబ్బు కట్టినవాళ్ళు కూడా తమ పాత పేజీలు తెరిచి, ఫాంటు లేదన్న సందేశం చూశారు. నిజాయితీగా కొన్నా, కొనకపోయినా, అద్దె కట్టినా, నిర్ణయం ఎక్కడో జరుగుతుంది, ఖర్చు ఇక్కడ పడుతుంది. నా కోపమంతా దీని మీదే.

లినక్స్ వేసుకోమని సలహా ఇచ్చే మిత్రులున్నారు. మంచి మనసుతోనే చెబుతారు. కొత్తగా షాపు పెట్టేవాళ్ళు తప్పక ఆలోచించాలి, యూనికోడ్‌తో మొదలుపెట్టేవాళ్ళకి అది దారే. కానీ పాత ఫైళ్ళు, పాత డ్రైవర్లు, పాత కీబోర్డు ఉన్నచోట లినక్స్ కూడా ఇంకో కొత్త విండోస్ లాంటిదే.

మరి ఏం అడగాలి? యూరప్ వాళ్ళని చూడండి. విండోస్ 10 గడువు దగ్గర పడ్డప్పుడు అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీశాయి. 2025 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ దిగివచ్చి, యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో ఇళ్ళల్లో వాడేవాళ్ళకి ఇంకో ఏడాది ప్యాచ్‌లు ఉచితంగా ఇస్తామంది. అడిగితే దొరికింది. మన వర్తక సంఘాలు సదస్సులకి హాలు ఇచ్చే బదులు ఇలాంటిది అడగాలి. యంత్రంతో కంప్యూటరు అమ్మేవాడు యంత్రం ఎన్నేళ్ళు నడుస్తుందని చెబుతున్నాడో అన్నేళ్ళూ డ్రైవరు ఇస్తానని బిల్లు మీద రాయాలని అడగాలి. ఒక సాఫ్ట్‌వేరుని వదిలేసే కంపెనీ దాని ఫైళ్ళ నిర్మాణం బయటపెట్టాలని అడగాలి, ఇంకొకరు తెరవగలిగేలా. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను అడగాల్సింది ఇంకొకటుంది. పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగు పేజీలను అమరిక చెడకుండా యూనికోడ్‌లోకి తెచ్చే సాధనం ఒకటి, ప్రెస్సు ఆపరేటర్లని కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఫైళ్ళ మీదే పరీక్షించి, ఉచితంగా ఇవ్వాలి. ముప్పై ఏళ్ళ తెలుగు అచ్చు ఆ హార్డ్ డిస్కుల్లో ఉంది. అది ఒక్కో షాపూ మూతపడ్డప్పుడల్లా తూకానికి వెళ్ళిపోతోంది.

పోయిన నెల బాబాయి షాపుకి వెళ్ళాను. వెనక గదిలో బీరువా తెరిచి చూపించారు. సికింద్రాబాద్ వెళ్ళినప్పుడల్లా చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి ఏరి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ మదర్‌బోర్డులు రెండు, పాత రకం హార్డ్ డిస్కులు నాలుగు, ఎస్ఎంపీఎస్‌లు, ఒక సీల్డు కవరులో కీబోర్డు. హార్డ్ డిస్కుల్లో రెండింటి మీద ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, ఫాంట్లతో సహా మొత్తం సిస్టాన్ని నకలు తీసి పెట్టుకున్నారు. ఒక్కోదానికి తేదీ రాసిన చీటీ అంటించి ఉంది.

మేము మాట్లాడుతుండగానే గుడి కమిటీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. 2003లో మేము కట్టిన స్తోత్రాల పుస్తకం మళ్ళీ వెయ్యి కాపీలు కావాలట, ముందు పేజీలో ధర్మకర్తల పేర్లు మారాలట. బాబాయి నన్ను కూర్చోమన్నారు. ఫోల్డరు ఎక్కడుందో నాకింకా గుర్తుంది. ఫైలు తెరుచుకుంది, శ్లోకాలు, తాత్పర్యాలు పెట్టినచోటే ఉన్నాయి. తొమ్మిది పేర్లు తీసి పదకొండు పేర్లు కొట్టాను. ట్రేసింగ్ పేపరు లేజర్‌లో పెట్టి మొదటి పేజీ ప్రింటు ఇచ్చేసరికి వాళ్ళ టీ ఇంకా పూర్తి కాలేదు.